చుక్కలు బాగా కనిపించే చోటు ఎలా వెతకాలి?

ఊళ్లో కన్నా పొలంలో చుక్కలు ఎక్కువగా ఎందుకు కనిపిస్తాయి? వీధి దీపాల వెలుగు పైకి పోయి, గాలిలోని దుమ్ముకూ తేమకూ తగిలి చెదురుతుంది. ఆకాశానికి పల్చటి తెర కట్టినట్టవుతుంది. మసక చుక్కలన్నీ అందులో కలిసిపోతాయి. లద్దాఖ్‌లోని హాన్లేలో, సుమారు 4500 మీటర్ల ఎత్తున, ఈ బెడద లేకుండా చీకటిని కాపాడుకుంటున్నారు.

మనకు దగ్గర్లో చోటు ఎలా ఎంచాలి? చాలామంది దూరమే చూస్తారు. నాకైతే దిక్కు అంతకన్నా ముఖ్యం. వేసవి రాత్రుల్లో పాలపుంత నడిబొడ్డు, వృశ్చిక రాశి తోక పక్కన, మనకు దక్షిణాన కనిపిస్తుంది. అందుకే ఊరికి దక్షిణంగా వెళ్లాలి. అప్పుడు ఊరి వెలుగు వీపు వెనక ఉండిపోతుంది.

ముందు పగటిపూట పెద్దవాళ్లతో వెళ్లి బావులు, గుంతలు, అడ్డొచ్చే చెట్లు చూసుకోండి. పొలం వాళ్లను అడగండి. రాత్రికి అమావాస్య దగ్గరి రోజులు మేలు. కళ్లు చీకటికి అలవాటు పడటానికి 20-30 నిమిషాలు కావాలి. మధ్యలో ఫోన్ చూశారా, మళ్లీ మొదటికే! టార్చికి ఎర్ర కాగితం చుట్టండి.

చలికాలమైతే కృత్తికల గుంపులోని చుక్కలను లెక్కపెట్టండి. ఆరు దాటి ఏడోది కూడా దొరికితే, ఆ చోటు పేరు నోటుపుస్తకంలో రాసిపెట్టుకోండి, వేసవిలో పాలపుంత కోసం మళ్లీ రావాలి.