అఫిలియేట్ మార్కెటింగ్: తొలి అడుగు వేసేవారి సరంజామా

గడచిన షవ్వాల్ మాసంలో ఒక సాయంత్రం, అసర్ నమాజు ముగించుకుని మేము మసీదు వరండాలోకి వచ్చేసరికి ఒక యువకుడు మా కోసం వేచి ఉన్నాడు. పదేళ్ల క్రితం మా మద్రసాలో నాజిరా చదివినవాడు. ఇప్పుడు బస్టాండు వద్ద చిన్న మొబైల్ రిపేరు దుకాణం నడుపుకుంటున్నాడు. సలాము చేసి, చాలాసేపు మౌనంగా కూర్చుని, చివరకు ఒకే ప్రశ్న వేశాడు: "హజ్రత్, అఫిలియేట్ మార్కెటింగ్ హలాలా, హరామా?"

ప్రశ్న వెనుక ఉన్న కథ మెల్లగా బయటపడింది. ఇంట్లో కూర్చుని ఫోనులోనే సంపాదించవచ్చని చెప్పిన ఒక సంస్థకు అతను 12,000 రూపాయలు కట్టాడు. వాళ్ల అమ్మీ కమ్మలు తాకట్టుకు వెళ్లాయి. ప్రతిఫలంగా కొన్ని వీడియో పాఠాలు వచ్చాయి. ఆ పాఠాల సారమంతా ఒక్కటే: ఇదే ప్యాకేజీని మరొకరి చేత కొనిపించు, నీకు కమీషన్ వస్తుంది. అతను మొదట కొనిపించింది సొంత అక్క భర్త చేత. ఆయనకు ఆ తర్వాత ఎవరూ దొరకలేదు. కట్టిన సొమ్ము పోయింది. బక్రీద్‌కు కూడా అక్క పుట్టింటికి వస్తుందో రాదో అని ఆ తల్లి బెంగ పెట్టుకుంది.

మేము అతనితో అన్నాము: "బేటా, నువ్వు చేసింది అసలు అఫిలియేట్ మార్కెటింగే కాదు."

ఈ మాటను పాఠకులకు కూడా విడమరచి చెప్పవలసి ఉంది. మన ఇళ్లలో ఎందరో యువకులు, గడప దాటకుండా నాలుగు రూపాయలు సంపాదించాలనుకునే ఎందరో సోదరీమణులు ఈ పేరు విని ఆకర్షితులవుతున్నారు. పేరు కొత్తదే గాని పని పాతది. పశువుల సంతలో దళారి ఏం చేస్తాడు? ఎద్దు అతనిది కాదు, డబ్బు అతనిది కాదు. అమ్మేవాడిని, కొనేవాడిని కలుపుతాడు, బేరం కుదిరితే తన దలాలీ తీసుకుంటాడు. అఫిలియేట్ మార్కెటింగ్ కూడా అంతే. ఒక వస్తువును గురించి మీరు వివరిస్తారు, దాని లింకు ఇస్తారు, ఆ లింకు ద్వారా ఎవరైనా కొంటే దుకాణం మీకు కొంత కమీషన్ చెల్లిస్తుంది. కొనేవాడికి ధర పెరగదు. అమెజాన్ సంస్థ 1996లోనే ఇటువంటి పథకం ఆరంభించింది.

దలాలీ వృత్తి ఇస్లామీయ సమాజానికి అపరిచితమేమీ కాదు. మదీనా వర్తకులను మొదట 'సమాసిరా', అంటే దళారులు అనే పిలిచేవారు. దైవప్రవక్త (స) వారిని అంతకంటే గౌరవప్రదమైన 'తుజ్జార్' అనే పేరుతో పిలిచి, క్రయవిక్రయాలలో వ్యర్థపు మాటలు, ప్రమాణాలు దొర్లుతుంటాయి గనుక దానధర్మాలు చేస్తూ ఉండమని ఉపదేశించిన సంగతి హదీసు గ్రంథాలలో ఉంది. ఇమామ్ బుఖారీ తమ సంకలనంలో దళారి ప్రతిఫలం గురించి ప్రత్యేకంగా ఒక అధ్యాయమే పెట్టారు. ఇబ్ను సీరీన్, అతా, ఇబ్రాహీమ్, హసన్ వంటి తాబియీ పండితులు అందులో దోషం చూడలేదని అక్కడ నమోదు చేశారు. కాబట్టి మన ప్రశ్న వృత్తి గురించి కాదు, అది సాగే తీరు గురించి.

గుర్తుపట్టడానికి ఒకే గీటురాయి చాలు: కమీషన్ ఎక్కడి నుండి వస్తున్నది? ఒక వస్తువును వాడుకోవడానికి కొన్న మనిషి చెల్లించిన ధర నుండి వస్తే అది దలాలీ. కొత్తగా చేరినవాడు కట్టిన రుసుము నుండి వస్తే అది గొలుసు. గొలుసులో చివరి కడియం ఎప్పుడూ ఎవరో ఒకరి మెడకు చుట్టుకుంటుంది. ఇటువంటి డబ్బు చలామణీ పథకాలను మన దేశంలో 1978 చట్టమే నిషేధించింది. 2021 డిసెంబరులో వచ్చిన ప్రత్యక్ష విక్రయ నియమాలు కూడా పిరమిడ్ పథకాలను కాదన్నాయి. నిజమైన అఫిలియేట్ పథకంలో చేరడానికి పైసా కట్టనవసరం లేదు. కట్టమన్నారంటే సలాము చెప్పి లేచి రావడమే మేలు.

ఇక సరంజామా సంగతి. ఆ యువకుడు మళ్లీ మొదలుపెట్టదలచినప్పుడు లాప్‌టాప్ కొనాలా అని అడిగాడు. అక్కరలేదు. చేతిలో ఉన్న ఫోను చాలు. మొదట కావలసినవి పాన్ కార్డు, బ్యాంకు ఖాతా, ఒక ఈమెయిలు. మూడింటిలోనూ పేరు ఒకే విధంగా ఉండాలి. మన ఇళ్లలో ఒకచోట 'షేక్' ముందు, మరొకచోట వెనుక, ఇంకొకచోట అసలు లేకుండా ఉండడం సర్వసాధారణం. అక్కడే పని నిలిచిపోతుంది. భార్య చేసే పనికి భర్త ఖాతా, తమ్ముడి పనికి అన్న పాన్ ఇవ్వడం మరో పొరపాటు. ఎవరి కష్టమో వారి పేరుననే ఉండాలి. స్త్రీ సంపాదన ఆమె సొంత ఆస్తి అని మన ధర్మం ఏనాడో తేల్చింది. కమీషన్ కూడా ఆదాయమే గనుక చెల్లించేముందు పన్ను కోత ఉండవచ్చు. పాన్ ఇవ్వనివారికి ఎక్కువ రేటున కోస్తారు.

రెండవది, పథకం నియమాలను ఓపికగా చదవడం. దీన్ని కూడా మేము పనిముట్లలోనే లెక్కిస్తాము. ఉదాహరణకు అమెజాన్ పథకంలో చేరినవారు 180 రోజులలో కనీసం మూడు అమ్మకాలు జరిపించాలి, లేకుంటే ఖాతా మూసివేస్తారు. లింకు నొక్కిన మనిషి సాధారణంగా 24 గంటలలోగా కొంటేనే లెక్కకు వస్తుంది. మీ లింకుతో మీరే కొనుక్కుంటే కమీషన్ రాదు. సరుకు వాపసు వెళితే కమీషన్ కూడా వాపసు. వచ్చిన కమీషన్ చేతికి అందడానికి దాదాపు రెండు నెలలు పడుతుంది. ధరలు గంటగంటకూ మారుతుంటాయి గనుక మీ రాతలో ధర వేయకూడదు. లింకులు పెట్టే పేజీని ముందుగా నమోదు చేయాలి, అది అందరికీ కనిపించేదై ఉండాలి. ఇవి తెలియక మొదటి నెలలోనే నిరాశ చెందినవారు మాకు తెలుసు.

పేజీ అన్నాము గనుక ఒక మాట. బ్లాగర్‌లో ఉచితంగా ఒక బ్లాగు తెరవవచ్చు, యూట్యూబ్‌లో చానల్ పెట్టవచ్చు. అంతేగాని ఖాన్‌దాన్ వాట్సాప్ గ్రూపులో, మొహల్లా గ్రూపులో పొద్దున లేచింది మొదలు లింకులు కుమ్మరించడం తగదు. జనాజా కబురు, నికాహ్ కబురు వచ్చే చోట కుక్కర్ లింకు కనబడితే చూసేవారి మనసు విరుగుతుంది. మొహమాటంతో కొన్న బంధువు రెండోసారి మీ ఫోను ఎత్తడు. వినదలచినవారు తమంతట తాము వచ్చే చోటే మాట్లాడండి.

మూడవది, మాకు అన్నిటికంటే విలువైనదిగా తోచినది, లెక్క. ఈ పథకాలలో ట్రాకింగ్ ఐడీ అనే సౌకర్యం ఉంటుంది. అది లింకుకు వేసే గుర్తు వంటిది. ధాన్యం బస్తాల మీద రైతులు తమ తమ గుర్తులు వేసుకోరా? అలాగే బ్లాగులోని లింకులకు ఒక గుర్తు, యూట్యూబ్ లింకులకు మరొకటి పెట్టుకుంటే ఏ రాత చదివి జనం కొన్నారో, ఏది వృథా శ్రమో నెల తిరిగేసరికి తెలుస్తుంది. దీనికి తోడు ఒక రిజిస్టరు. అక్షరాలా కాగితపు రిజిస్టరే. మా శిష్యుడి చేత అందులో ఐదు గళ్లు గీయించాము: వస్తువు పేరు, తాను ఎన్నాళ్లు వాడినది, దానిలోని మంచి, దానిలోని లోపం, లింకు పెట్టిన తేదీ. నాలుగో గడి ఖాళీగా ఉంటే లింకు పెట్టవద్దన్నాము. "లోపం లేని వస్తువు ఉంటే, హజ్రత్?" అన్నాడు. వాడకపోయి ఉంటావు, అన్నాము.

ఈ నాలుగో గడి కోసమే మేము పట్టుబట్టాము. దైవప్రవక్త (స) మదీనా బజారులో ఒక ధాన్యపు రాశి వద్ద ఆగి అందులో చేయి పెట్టగా లోపల తడి తగిలిన సంఘటన మనలో చాలామందికి తెలుసు. వానకు తడిసిందని వర్తకుడు చెప్పుకున్నాడు. తడిసినదాన్ని జనానికి కనబడేలా పైన ఎందుకు ఉంచలేదన్నదే ఆయన ప్రశ్న. ఫోనులో కొనేవాడు రాశిలో చేయి పెట్టలేడు. అతని చేయి మీరే. తడి ఉన్నదీ లేనిదీ మీరు చెప్పాలి.

చెప్పవలసిన మరొక విషయం, మీకు కమీషన్ వస్తుందన్నది. 'ఈ లింకు ద్వారా మీరు కొంటే నాకు కొంత కమీషన్ వస్తుంది' అనే ఒక్క వాక్యం, లింకుకు ముందే, స్పష్టంగా. దీనికి కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. చెప్పే మాట ఏ భాషలో ఉంటే ఈ ప్రకటన కూడా ఆ భాషలోనే ఉండాలి. తెలుగు వీడియో కింద ఎక్కడో చివరన ఆంగ్లంలో చిన్న అక్షరాలు వేసి తప్పించుకోవడం కుదరదు. తప్పుదోవ పట్టించే ప్రచారానికి 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద 10 లక్షల రూపాయల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా పడవచ్చు. ఈ వాక్యం పెడితే జనం కొనరని కొందరి భయం. సంతలో దళారి దలాలీ తీసుకుంటాడని ఎవరికి తెలియదు? తెలిసే కదా అతని వద్దకు వెళతారు.

ఫొటోలకు కిటికీ వెలుతురు చాలు, దీపాల సెట్టు కొనవద్దు. బొమ్మల మీద అక్షరాలు వేయడానికి కాన్వా, జనం ఏమి వెతుకుతున్నారో చూడటానికి గూగుల్ ట్రెండ్స్, రెండూ ఉచితంగా దొరుకుతాయి. తెలుగులో టైపు చేయడం రాకపోతే ఫోనుకు మాట చెప్పి రాయించి, తర్వాత తప్పులు దిద్దుకోవచ్చు. ఏ వస్తువులకు దూరంగా ఉండాలో మన ఇళ్లలో ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు గాని, ఎక్కువ కమీషన్ ఆశ చూపేవి తరచు అవే: వడ్డీ అప్పుల యాప్‌లు, క్రెడిట్ కార్డులు, పందెపు ఆటలు. పందెపు ఆటల ప్రచారాన్ని 2025 నాటి ఆన్‌లైన్ గేమింగ్ చట్టం జైలు శిక్ష వేయదగిన నేరంగా పరిగణిస్తుంది.

మా శిష్యుడు ఏ వస్తువులు ఎంచుకోవాలని వారం రోజులు ఆలోచించాడు. గడియారాలు, అత్తర్లు, చీరలు. చివరకు మేము అతని దుకాణంలోని బల్ల వైపు చూపించాము. స్క్రూడ్రైవర్ల సెట్టు, చార్జింగ్ తీగలు, బ్యాటరీ పరీక్షించే మీటరు, అద్దం ఊడదీసే పరికరాలు. రోజూ చేతిలో ఆడేవి, వాటి లోపాలు అతనికంటే బాగా ఎవరికి తెలుసు? ఏ తీగ మూడు నెలలకే మెడ వద్ద తెగుతుందో చెప్పిన అతని మొదటి వీడియోను, ఎక్కువగా అతని వంటి రిపేరు కుర్రవాళ్లే చూశారు. ఆ తీగకు అతను లింకు పెట్టలేదు.

ఐదు నెలలు గడిచాయి. వచ్చిన కమీషన్ మొత్తం ఇంకా అతను పోగొట్టుకున్న 12,000కు చేరలేదు. దుకాణం మూయలేదు, మూయవద్దనే మేము కూడా చెప్పాము. కమ్మలు ఇంకా తాకట్టులోనే ఉన్నాయి. రిజిస్టరు చివరి పేజీలో మాత్రం మేము గీయించని ఒక గడి కనబడింది: అక్క భర్త పేరు, ఆయన కట్టిన మొత్తం, దుకాణం రాబడి నుండి నెలకు 1,000 రూపాయల చొప్పున తిరిగి ఇచ్చిన తేదీలు. నాలుగు తేదీలు ఉన్నాయి. మొదటి మూడింటి పక్కన 'మనిషి చేత పంపాను' అని రాసి ఉంది. నాలుగో దాని పక్కన 'వారి ఇంట్లో, చాయ్ తాగాను' అని ఉంది.