బియ్యం మిల్లు ఏ రకం వ్యాపారం?

బియ్యం ధర పెరిగిన ప్రతిసారీ తెలుగునాట ఒక లెక్క చెలామణిలోకి వస్తుంది. 2024–25 సీజనులో గ్రేడ్‌–ఎ ధాన్యానికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,320 రూపాయలు. క్వింటాలు ధాన్యం ఆడిస్తే 67 కిలోల బియ్యం దిగుతాయి. కిలో 50 రూపాయలకు అమ్మితే 3,350 రూపాయలు వస్తాయి. కాబట్టి మిల్లరుకు క్వింటాలు మీద 1,030 రూపాయల లాభం. కూడికలోనూ తీసివేతలోనూ దోషం లేని ఈ లెక్క, వ్యాపారం విషయంలో మాత్రం దాదాపు అడుగడుగునా తప్పుతోంది. కొన్న ధరకూ అమ్మిన ధరకూ ఉన్న తేడాయే లాభమనీ, కొనడం అమ్మడం తప్ప వ్యాపారంలో వేరే పని లేదనీ, మిల్లరులందరూ ఒకే రకం వ్యాపారులనీ భావించే మూడు అపోహలు ఇందులో కలగలిసి ఉన్నాయి. వీటిలో చివరిదాన్ని విప్పితే మిగిలిన రెండూ వాటంతటవే వదులవుతాయి.

వాణిజ్యశాస్త్రం వ్యాపారాలను ప్రధానంగా మూడు తెగలుగా చూస్తుంది: తన శ్రమనో నైపుణ్యాన్నో యంత్రాన్నో ఇతరుల పనికి వినియోగించి కూలి తీసుకునే సేవా వ్యాపారం, తయారైన సరుకును కొని రూపం మార్చకుండా అమ్మే వర్తకం, ముడిసరుకును కొని మరో వస్తువుగా మార్చి అమ్మే తయారీ. మంగలి దుకాణం, కిరాణా కొట్టు, చక్కెర మిల్లు ఒక్కొక్కటి ఒక్కో గడిలో చక్కగా ఇముడుతాయి గాని, బియ్యం మిల్లు అలా ఇమడదు. రైతు తన తిండిగింజలు తెచ్చి ఆడించుకుని మరకూలి ఇచ్చి వెళ్తే అది సేవ. మిల్లరు తన సొమ్ముతో ధాన్యం కొని, ఆడించి, సంచి మీద తన ముద్ర వేసి అమ్మితే అది తయారీ. వేరే మిల్లు నుంచి బియ్యం తెప్పించి సంచులు మార్చి అమ్మితే అది వర్తకం. యంత్రాలు అవే, హమాలీలు వారే, కప్పూ అదే. తొట్టిలో పడిన ధాన్యం ఎవరిదన్న ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబును బట్టి వ్యాపారం రకమే మారిపోతుంది.

ఇప్పుడు తెలుగు రాష్ట్రాల మిల్లులలో ఆడే ధాన్యంలో గణనీయమైన భాగం మిల్లరుది కాదు, ప్రభుత్వానిది. కొనుగోలు కేంద్రాల్లో మద్దతు ధరకు సేకరించిన ధాన్యాన్ని మిల్లులకు అప్పగించి, బియ్యంగా మార్చి తిరిగి ఇమ్మనే ఈ పద్ధతిని సీఎంఆర్‌ (కస్టమ్‌ మిల్డ్‌ రైస్‌) అని అందరూ పిలుస్తారు. క్వింటాలు ధాన్యానికి పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు మిల్లరు లెక్క చెప్పాలి. ఆడించినందుకు కేంద్రం ఏళ్ల తరబడి ఇచ్చిన కూలి పచ్చి బియ్యానికి క్వింటాలుకు 10 రూపాయలు, ఉప్పుడు బియ్యానికి 20 రూపాయలు. ఇక్కడ 1,030 రూపాయల లెక్కకు చోటే లేదు, ఎందుకంటే కొన్న ధాన్యమూ లేదు, అమ్మిన బియ్యమూ లేదు. గోదాములో కోట్ల రూపాయల ధాన్యం కనబడుతున్నా అది మిల్లరు ఆస్తి పట్టీలోకి ఎక్కదు, అతని బాధ్యతగా మాత్రం నిలుస్తుంది. ఆ ధాన్యాన్ని తన సొంత సరుకుగా భావించి అమ్ముకున్నవారి కథలు సాధారణంగా తనిఖీలతోనూ కేసులతోనూ ముగుస్తాయి.

ఇంత తక్కువ కూలికి మిల్లు ఎలా నడుస్తుందన్న సందేహం న్యాయమైనదే. జవాబు తవుడులో ఉంది. క్వింటాలు ధాన్యంలో సుమారు 20 కిలోలు ఊకగానూ, ఏడెనిమిది కిలోలు తవుడుగానూ విడిపోతాయి. వీటితోపాటు ప్రభుత్వం బియ్యంలో ఏళ్ల తరబడి అనుమతించిన పరిమితికి (పచ్చి బియ్యంలో 25 శాతం, ఉప్పుడు బియ్యంలో 16 శాతం) మించి వచ్చిన నూకలు కూడా మిల్లరుకే చెందుతాయి. ఒకప్పుడు గేదెల కుడితికే పరిమితమైన తవుడు వ్యాపార సరుకుగా మారడం బియ్యం మిల్లుల చరిత్రలో అందరూ దాటేసే గొప్ప మలుపు. పాత హల్లర్‌ మరలు పైపొట్టునూ లోపలి పొరనూ కలిపి గీకేయడం వల్ల ఊక పొడి కలిసిన తవుడు నూనె తీయడానికి పనికివచ్చేది కాదు. రబ్బరు రోలర్ల మధ్య ముందుగా పొట్టును ఊడదీసి, ఆ తర్వాతే పాలిష్‌ పట్టే షెల్లర్‌ మిల్లులు వచ్చాక శుద్ధమైన తవుడు విడిగా చేతికందింది, దానిమీద తవుడు నూనె పరిశ్రమ లేచింది. అయితే గింజ నుంచి విడిపోయిన క్షణం నుంచే తవుడులోని లైపేజ్‌ అనే ఎంజైము నూనెను విడగొట్టి ఆమ్లంగా మార్చడం మొదలుపెడుతుంది కనుక, పచ్చి బియ్యపు తవుడును ఎంత త్వరగా నూనె మిల్లుకు చేర్చితే అంత ధర పలుకుతుంది. ఉప్పుడు బియ్యపు తవుడుకు ఈ తొందర తక్కువ, ఎందుకంటే ధాన్యాన్ని ఆవిరి పట్టినప్పుడే ఆ ఎంజైము నశిస్తుంది. అందులో నూనె శాతం కూడా ఎక్కువ. బియ్యం ధరను మాత్రమే గమనిస్తూ మిల్లరు ఆదాయాన్ని అంచనా వేసేవారికి తవుడు ధర ఎంతో తెలియదు, మిల్లరు మాత్రం దాన్ని రోజూ అడిగి తెలుసుకుంటాడు.

ఇక కొనడం అమ్మడం తప్ప వ్యాపారంలో వేరే పని లేదన్న అపోహ. ఏ సంస్థ పద్దులను తెరిచినా మూడు రకాల పనులు కనిపిస్తాయి: డబ్బు సమకూర్చుకోవడం, ఆ డబ్బుతో దీర్ఘకాలం పనికివచ్చే ఆస్తులు ఏర్పరచుకోవడం, ఆ ఆస్తులతో రోజువారీ పని నడపడం. వీటిని వరుసగా ఆర్థిక సమీకరణ, పెట్టుబడి, నిర్వహణ కార్యకలాపాలంటారు. కాకతీయుల కాలం నుంచి చెరువుల మీద బతికిన నేలలో ఈ సంగతి చెప్పడానికి చెరువును మించిన ఉపమానం దొరకదు. పైనుంచి నీరు తెచ్చే వాగు ఆర్థిక సమీకరణ అయితే, కట్టా తూమూ పెట్టుబడి, తూము కింద పారే ఆయకట్టు నిర్వహణ. యజమాని సొంత సొమ్ము చెరువు మీద నేరుగా కురిసిన వాన. బ్యాంకు అప్పు పై చెరువు వారితో ఒప్పందం చేసుకుని మళ్లించుకున్న నీరు, పంట పండినా ఎండినా దాని వంతు తిరిగి చెల్లించాల్సిందే. అలుగు దూకే నీరు భాగస్వాములు పంచుకునే లాభం. అన్నిటికన్నా చక్కగా అమరేది పూడిక: ఏటా కొంత మట్టి చేరుతుంది, దానికోసం ఎవరూ ఎవరికీ పైసా చెల్లించరు, అయినా చెరువు లోతు తగ్గిపోతూనే ఉంటుంది. పద్దు పుస్తకాల్లో తరుగుదల అన్నది సరిగ్గా ఇదే. ఈ ఏడు మిల్లు యంత్రం అరిగినందుకు నగదు బయటికి పోకపోవచ్చు గాని, దాని ఆయుష్షులో ఒక భాగం బియ్యంలో కలిసి వెళ్లిపోయింది, దాన్ని ఖర్చుగా రాయకపోతే లాభం ఉన్నదానికన్నా ఎక్కువగా కనబడుతుంది. ఈ ఉపమానం ఒక్కచోటే చెల్లదు: చెరువులో పారిన నీరు మళ్లీ చెరువుకు రాదు, వ్యాపారంలో మాత్రం పారిన సొమ్ము తిరిగి వచ్చి తీరాలి, పైగా సమయానికి రావాలి.

ఆ సమయం దగ్గరే లాభానికీ నగదుకూ దారులు వేరవుతాయి. సొంతంగా ధాన్యం కొని అమ్మే మిల్లరు సంవత్సరానికి సరిపడా ముడిసరుకును కోతలు జరిగే కొద్ది వారాల్లోనే కొనుక్కోవాలి, అమ్మకం మాత్రం ఏడాది పొడవునా సాగుతుంది. దీనికి తోడు తెలుగువారి నోటికి కొత్త బియ్యం రుచించదు. 1986లో బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి విడుదలై, సాంబ మసూరిగా పేరుపొందిన బీపీటీ 5204 వంటి సన్నరకాలను కొన్ని నెలలు మాగబెడితే, గింజలోని మాంసకృత్తులూ కొవ్వులూ నెమ్మదిగా మార్పు చెంది గింజ గట్టిపడి, వండినప్పుడు ముద్ద కాకుండా పొడిపొడిగా, సాగి ఉడుకుతుంది; అందుకే పాత బియ్యానికి ఎక్కువ ధర. అంటే నిల్వ అన్నది ఇక్కడ నిద్రపోతున్న సరుకు కాదు, జరుగుతున్న తయారీ. అయితే ఆ తయారీకి కరెంటు బిల్లు రాకపోయినా వడ్డీ బిల్లు వస్తుంది.

ఒక మిల్లరు వెయ్యి క్వింటాళ్ల ధాన్యాన్ని పైన చెప్పిన 2,320 రూపాయలకే కొన్నాడనుకుంటే 23 లక్షల 20 వేల రూపాయలు అవుతాయి. ఆ సొమ్ము సంవత్సరానికి 12 శాతం వడ్డీతో, సరుకును హామీగా చూపి బ్యాంకు నుంచి వాడుకునే క్యాష్‌ క్రెడిట్‌ ఖాతాలోనిదనుకుంటే, ఎనిమిది నెలల వడ్డీ 1,85,600 రూపాయలు. దిగే బియ్యం 670 క్వింటాళ్లు కనుక ఒక్క వడ్డీయే కిలోకు సుమారు 2 రూపాయల 77 పైసలు పడుతుంది. దీనికి ముందే మరో నష్టం జరిగి ఉంటుంది: 17 శాతం తేమతో వచ్చిన ధాన్యాన్ని నిల్వకు తగినట్టు 14 శాతానికి ఆరబెడితే వంద కిలోలు తొంభై ఆరున్నర కిలోలవుతాయి, ఆ పోయిన మూడున్నర కిలోల నీటికి కూడా ధాన్యం ధరే చెల్లించి ఉంటారు. గోదాము అద్దె, పురుగు, సంచులు, హమాలీ, కరెంటు ఇంకా మిగిలే ఉన్నాయి. చివరికి బియ్యాన్ని టోకు వర్తకుడికి అరువిచ్చిన రోజునే పుస్తకంలో లాభం నమోదవుతుంది గాని, ఆ వర్తకుడు డబ్బిచ్చేదాకా బ్యాంకు వడ్డీ ఆగదు. లాభాల్లో ఉన్న మిల్లు జీతాలివ్వలేకపోవడం విడ్డూరమేమీ కాదు. కొత్త పంట కొనుగోలు మొదలయ్యేనాటికి పాత పంట సొమ్ము చేతికి రాకపోతే అదే జరుగుతుంది.

యాజమాన్య రూపాల సంగతి క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. ఒక్కరి సొంత సంస్థలో మిల్లు అప్పు ఇంటి అప్పే. 1932 నాటి చట్టం కింద నడిచే భాగస్వామ్య సంస్థలో ఒక భాగస్వామి సంస్థ పేరిట చేసిన అప్పుకు మిగిలినవారి సొంత ఆస్తులూ బాధ్యత వహిస్తాయి, బావమరుదులు కలిసి పెట్టిన మిల్లులు కోర్టుకెక్కేది తరచుగా ఈ నిబంధన దగ్గరే. ప్రైవేట్‌ లిమిటెడ్‌ కంపెనీలోనూ, 2008 చట్టంతో వచ్చిన పరిమిత బాధ్యత భాగస్వామ్యంలోనూ బాధ్యత పెట్టిన వాటాకే పరిమితమని రాసి ఉంటుంది గాని, బ్యాంకు యజమానుల వ్యక్తిగత హామీ తీసుకున్నాక ఆ పరిమితి కాగితం మీదే మిగులుతుంది. సహకార సంఘం వీటన్నిటికీ భిన్నమైనది. 1956లో మొదలైన ముల్కనూరు సహకార సంఘం సభ్యులకు రుణమివ్వడంతో ఆగక వారి పంటను కూడా తానే సేకరించి అమ్మిపెట్టే స్థాయికి ఎదిగింది.

ఇన్ని లెక్కలు పట్టించుకోని యజమాని కూడా ఒక లెక్క మాత్రం తప్పకుండా చూపించుకుంటాడు, అది వాస్తు లెక్క. బాయిలరు ఆగ్నేయంలో ఉందా లేదా అని చూసే సిద్ధాంతికి ఇచ్చే గౌరవంలో సగమైనా దాని సేఫ్టీ వాల్వును పరీక్షించే ఇన్‌స్పెక్టరుకు దక్కితే మేలు. నష్టాలు వస్తున్నాయని గేటును తూర్పుకు మార్చడం వల్ల కచ్చితంగా కలిగే ఫలితం ఒకటే: నిర్వహణకు అందాల్సిన నగదు సిమెంటు రూపంలో గోడలో గడ్డకడుతుంది.

మార్పుకు తగ్గట్టు మారడమంటే కొత్త యంత్రం తెచ్చుకోవడమేనని చాలామంది అనుకుంటారు. హల్లర్‌ పోయి షెల్లర్‌ రావడం, రంగు మారిన గింజలను కెమెరాతో గుర్తించి గాలితో ఎగరగొట్టే సార్టెక్స్‌ యంత్రం రావడం నిజంగా పెద్ద మార్పులే గాని, డబ్బున్నవారికి అవి తేలికైనవి. మిల్లులను ఎక్కువగా కుదిపినవి కంటికి కనబడని నిబంధనలు. లెవీ పద్ధతి ఉన్నంతకాలం మిల్లరే రైతు దగ్గర ధాన్యం కొని, ఆడించి, నిర్ణీత భాగాన్ని ప్రభుత్వ ధరకు భారత ఆహార సంస్థకు అప్పగించి, మిగిలినదాన్ని బయట అమ్ముకునేవాడు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ భాగం 75 శాతం దాకా ఉండేది. కేంద్రం 2014లో దాన్ని 25 శాతానికి కుదించి, 2015 అక్టోబరు 1 నుంచి పూర్తిగా ఎత్తివేసింది. ఒక్క యంత్రమూ కదలకుండానే ఎన్నో మిల్లులు తయారీదారుల వరుస నుంచి సేవాదారుల వరుసలోకి జరిగాయి.

ఉప్పుడు బియ్యం కథ ఇంతకన్నా కఠినమైనది. యాసంగి పంట ఎండలు ముదిరే వేళ కోతకు వస్తుంది కనుక గింజలో సన్నని పగుళ్లు ఏర్పడి, పచ్చిగా ఆడిస్తే నూకలు ఎక్కువవుతాయి. నానబెట్టి ఆవిరి పడితే గింజలోని పిండి జిగురుగా మారి ఆ పగుళ్లను అతికిస్తుంది. అందుకే తెలంగాణలో ఎందరో మిల్లరులు అప్పులు చేసి నానబెట్టే తొట్లూ బాయిలర్లూ డ్రయ్యర్లూ పెట్టుకున్నారు. 2021లో కేంద్రం ఉప్పుడు బియ్యం నిల్వలు పేరుకున్నాయనీ, ఇకమీదట తీసుకోలేమనీ చెప్పడంతో ఆ పెట్టుబడి మొత్తం ప్రశ్నార్థకమైంది. కాకినాడ రేవు నుంచి ఆఫ్రికా దేశాలకు పంపుకోవచ్చుననుకున్నవారికి 2023 ఆగస్టులో ఉప్పుడు బియ్యం ఎగుమతిపై 20 శాతం సుంకం ఎదురైంది. అంతకు నెల ముందే బాస్మతీయేతర తెల్ల బియ్యం ఎగుమతి నిషేధానికి గురైంది. 2024 సెప్టెంబరులో నిషేధమూ, అక్టోబరులో సుంకమూ తొలగిపోయాయి గాని, ఆ మధ్యకాలంలో అప్పు కిస్తీలు మాత్రం ఆగలేదు.

దీని పక్కన మరో మార్పును పెట్టి చూడాలి. 2022 జులై 18 నుంచి 25 కిలోల వరకు బరువుండే, ముందుగా ప్యాక్‌ చేసి లేబుల్‌ వేసిన బియ్యంపై 5 శాతం జీఎస్‌టీ అమల్లోకి వచ్చింది. అంతకుముందు ఎటు చూసినా 25 కిలోల సంచులే ఉండే తెలుగు మార్కెట్లలో కొద్దికాలంలోనే 26 కిలోల సంచులు వరుసకట్టాయి. ప్యాకింగ్‌ యంత్రం మీద ఒక అంకె మార్చి, సంచిపై కొత్త అచ్చు వేయిస్తే సరిపోయింది. నిబంధన నిర్వహణను తాకినప్పుడు సర్దుబాటుకు రోజులు చాలాయి. అదే పెట్టుబడిని తాకినప్పుడు, దాని వెనుక తీర్చాల్సిన అప్పు కూడా ఉన్నప్పుడు, చురుకైన మిల్లరుకు కూడా రెండు మూడు సీజన్లు పట్టింది, కొందరి విషయంలో బాయిలరు తుక్కు ధరకు పోయింది.