లవ్ బర్డ్స్

లవ్ బర్డ్స్ చిలుకల వర్గానికి చెందిన చిన్న పక్షులు. వీటి ప్రజాతి శాస్త్రీయ నామం అగాపోర్నిస్. గ్రీకు భాషలో 'అగాపే' అనగా ప్రేమ, 'ఓర్నిస్' అనగా పక్షి. ఆంగ్ల ప్రకృతి శాస్త్రజ్ఞుడు ప్రిడో జాన్ సెల్బీ 1836లో ఈ పేరు పెట్టాడు. తెలుగులో వీటిని ప్రేమ పక్షులు అని కూడా అంటారు. ఈ ప్రజాతిలో తొమ్మిది జాతులు కలవు. వాటిలో ఎనిమిది ఆఫ్రికా ఖండంలోను, ఒకటి మడగాస్కర్ ద్వీపంలోను సహజంగా జీవిస్తాయి. భారతదేశపు అడవులలో ఇవి లేవు. తెలుగు ప్రాంతాలలో లవ్ బర్డ్స్ పేరుతో అమ్ముడయ్యే పక్షులు చాలావరకు ఆస్ట్రేలియాకు చెందిన బడ్జెరిగర్లు. ఈ రెండింటి స్వభావాలు, అవసరాలు వేరు కనుక పెంచేవారు ముందుగా ఈ తేడాను తెలుసుకోవలసి ఉంటుంది.

బడ్జెరిగర్లకు, లవ్ బర్డ్స్‌కు తేడాలు

లవ్ బర్డ్ సుమారు 13 నుండి 17 సెంటీమీటర్ల పొడవు, 40 నుండి 60 గ్రాముల బరువు ఉంటుంది. తోక పొట్టిగా, శరీరం బొద్దుగా, ముక్కు పెద్దదిగా ఉంటాయి. బడ్జెరిగర్ బరువు తక్కువ, తోక పొడవు. దాని తల వెనుక భాగం మీద, రెక్కల మీద నల్లని చారలు కనిపిస్తాయి. ముక్కు రంధ్రాల చుట్టూ ఉండే మెత్తని చర్మం సాధారణంగా పెరిగిన మగ బడ్జెరిగర్‌లో నీలంగాను, ఆడదానిలో గోధుమ రంగులోను ఉంటుంది. ఎక్కువగా పెంచే లవ్ బర్డ్ జాతులలో మాత్రం ఆడ, మగ ఒకే విధంగా ఉంటాయి. అందువలన జంట అని కొనుగోలు చేసినవి రెండూ ఒకే లింగానికి చెందినవి కావచ్చు. జాన్ గూల్డ్ అనే పక్షి శాస్త్రజ్ఞుడు 1840లో బడ్జెరిగర్లను సజీవంగా ఆస్ట్రేలియా నుండి ఇంగ్లండుకు తీసుకువెళ్ళాడు. తరువాత ఇవి పంజర పక్షులుగా ప్రపంచమంతటా వ్యాపించాయి.

సహజ పరిసరాలలో జీవనం

లవ్ బర్డ్స్ గుంపులుగా జీవిస్తాయి. గడ్డి గింజలు, పండ్లు, మొగ్గలు, లేత ఆకులు వీటి ఆహారం. గులాబీ ముఖపు లవ్ బర్డ్ నమీబియా, అంగోలా దేశాల పొడి ప్రాంతాలలో నివసిస్తుంది. ఇది నీటి వనరులకు సమీపంలో ఉంటూ పదేపదే నీరు త్రాగుతుంది. రాతి పగుళ్ళలోను, పిచ్చుకల వంటి నేతగాళ్ళ పక్షులు కట్టిన పెద్ద సామూహిక గూళ్ళలోను గుడ్లు పెడుతుంది. ఎర్రతల లవ్ బర్డ్ చెట్లపై ఉండే చెదపురుగుల పుట్టలను తొలిచి గూడు చేసుకుంటుంది.

ఆడపక్షి సాధారణంగా నాలుగు నుండి ఆరు గుడ్లు పెట్టి, సుమారు 23 రోజులు పొదుగుతుంది. ఆ కాలంలో మగపక్షి తాను తిన్న ఆహారాన్ని తిరిగి నోటిలోకి తెచ్చి ఆడపక్షికి అందిస్తుంది. పిల్లలు ఆరు వారాల వయస్సులో గూడు విడిచి బయటకు వస్తాయి.

గూటికి కావలసిన వస్తువులను మోసే పద్ధతి జాతిని బట్టి మారుతుంది. గులాబీ ముఖపు లవ్ బర్డ్ ఆడపక్షి ఆకులను, బెరడును సన్నని పట్టీలుగా కత్తిరించి, వాటిని నడుము వద్ద ఈకల మధ్య దోపుకొని ఎగురుతుంది. ఫిషర్ లవ్ బర్డ్ వాటిని ముక్కుతో మోస్తుంది. అమెరికా శాస్త్రజ్ఞుడు విలియం డిల్గర్ ఈ రెండు జాతులకు సంకర పిల్లలను పుట్టించి, వాటి ప్రవర్తనను 1962లో వివరించాడు. ఆ సంకర పక్షులు పట్టీలను ఈకలలో దోపబోయి జారవిడిచేవి. ముక్కుతో మోయడం బాగా అలవడటానికి వాటికి సుమారు మూడేళ్ళు పట్టింది. అప్పటికి కూడా తల వెనుకకు త్రిప్పే అలవాటు పూర్తిగా పోలేదు. ప్రవర్తనలో వారసత్వం, అభ్యాసం రెండింటికీ పాత్ర ఉన్నదనుటకు ఇది ప్రసిద్ధమైన ఉదాహరణ.

పంజరాల కొరకు వేట

అందమే ఈ పక్షులకు ముప్పు తెచ్చింది. జాంబియా నైరుతి ప్రాంతానికే పరిమితమైన నల్లచెంపల లవ్ బర్డ్స్‌ను 1929లో నాలుగు వారాలలోనే 16,000 వరకు పట్టుకున్నారు. ఆ తరువాత వీటి సంఖ్య పూర్వస్థితికి చేరుకోలేదు. నీటి వనరులు ఎండిపోవడం కూడా ఇందుకు మరొక కారణం. టాంజానియాకు చెందిన ఫిషర్ లవ్ బర్డ్స్‌ను 1980లలో పెద్ద సంఖ్యలో పట్టి విదేశాలకు ఎగుమతి చేశారు. ప్రస్తుతం గులాబీ ముఖపు జాతి తప్ప మిగిలిన ఎనిమిది జాతులూ అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్య ఒప్పందం (సైటిస్) రెండవ అనుబంధంలో ఉన్నాయి.

పెంపకం

పంజరం ఎత్తు కంటే వెడల్పు ముఖ్యం, ఎందుకనగా పక్షి అడ్డంగా ఎగురుతుంది. పంజరాన్ని ఎండ, వాన, ఈదురుగాలి నేరుగా తగలని చోట ఉంచాలి. కొర్రలు వంటి చిరుధాన్యాలు మాత్రమే పెడితే పోషకాహార లోపం కలుగుతుంది. ఆకుకూరలు, కూరగాయలు, పండ్ల ముక్కలు కూడా అవసరం. తూర్పు తీరంలో ఒడ్డుకు కొట్టుకువచ్చే 'సముద్రపు నురుగు' నిజానికి కటిల్ చేప లోపలి పెంకు. దీనిని శుభ్రపరచి పంజరంలో ఉంచితే పక్షికి సున్నం లభిస్తుంది. గుడ్డు పెట్టే ఆడపక్షికి ఇది మరింత అవసరం. బడ్జెరిగర్లకు చిన్న మట్టికుండలను గూళ్ళుగా కడతారు. లవ్ బర్డ్స్‌కు చెక్కపెట్టెతో పాటు కొబ్బరి ఆకులు ఇస్తే అవే చీల్చుకొని గూడు పేర్చుకుంటాయి. అవకాడో, చాక్లెట్ వీటికి విషతుల్యం. బాగా వేడెక్కిన నాన్‌స్టిక్ పెనం నుండి వెలువడే వాయువులు నిమిషాలలో పక్షుల ప్రాణం తీయగలవు. కనుక పంజరాన్ని వంటగదిలో ఉంచరాదు. మంచి పోషణలో లవ్ బర్డ్ 10 నుండి 15 సంవత్సరాలు జీవిస్తుంది.

అపోహలు

జంటలో ఒకటి మరణిస్తే రెండవది బెంగతో తప్పక మరణిస్తుందనేది ఒక నమ్మకం. జంట బంధం బలమైనదే. మిగిలిన పక్షి కొన్నాళ్ళు మందకొడిగా ఉండవచ్చు, తిండి తగ్గించవచ్చు. అయితే తగిన తోడు దొరికితే సాధారణంగా మరల జతకడుతుంది. రెండు పక్షులు వెంటవెంటనే మరణిస్తే అంటువ్యాధిని అనుమానించి పశువైద్యుని సంప్రదించాలి. పేరులో ప్రేమ ఉన్నందున ఇవి అన్ని పక్షులతో స్నేహంగా ఉంటాయనుకోవడం కూడా పొరపాటే. లవ్ బర్డ్స్ తమ చోటును గట్టిగా కాపాడుకుంటాయి. ఒకే పంజరంలో ఉంచిన బడ్జెరిగర్ల కాళ్ళను కొరికి గాయపరచగలవు.

చట్టం

భారతీయ చిలుకలను, అనగా రామచిలుక వంటివాటిని, పట్టడం, అమ్మడం, పంజరంలో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. లవ్ బర్డ్స్, బడ్జెరిగర్లు విదేశీ పక్షులు కనుక ఈ నిషేధం వాటికి వర్తించదు. అయితే 2022లో చేసిన సవరణ ప్రకారం సైటిస్ అనుబంధాలలోని విదేశీ జాతులను పెంచేవారు వాటి వివరాలు నమోదు చేయించాలి.

విడిచిపెట్టుట

పెంచలేనివారు జాలితో పంజరం తలుపు తీసి పక్షిని వదలివేయడం కద్దు. అమెరికాలోని ఫీనిక్స్ నగరంలో తప్పించుకుపోయిన గులాబీ ముఖపు లవ్ బర్డ్స్ స్థిరపడిన మాట వాస్తవమే. కాని అది అరుదైన ఉదాహరణ. పంజరంలో పుట్టిన పక్షికి ఆహారం వెదకడం, డేగను గుర్తించడం తెలియదు. శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలోని భావనపాడు వంటి తీరగ్రామంలో వదలిన పక్షి సముద్రపు గాలిని, కాకుల దాడిని తట్టుకొని బ్రతకడం చాలా కష్టం. అక్కడి తాటిచెట్ల తొర్రలు రామచిలుకల వంటి స్థానిక పక్షులకు అనువైనవి. పెంచలేని పక్షిని అనుభవం గల మరొక పెంపకందారునికి అప్పగించడమే సరియైన పద్ధతి.

పక్షులను చూడగోరువారికి పంజరమే మార్గం కాదు. భావనపాడుకు సమీపంలో, టెక్కలి మండలంలోని తేలినీలాపురం గ్రామానికి ఏటా చలికాలంలో గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు తామంతట తామే వచ్చి, ఊరి చెట్లపై గూళ్ళు కట్టి పిల్లలను పెంచుకుంటాయి.