డిస్కు బాగైంది, తాళాలు మారాయి



పోయిన వానాకాలంలో ఒక రోజు పొద్దున్నే అరకు లోయ వైపున్న ఒక చిన్న సేవాసంస్థ ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. అక్కడి కంప్యూటరు ఒక దాత ఇచ్చినది. అప్పుడప్పుడు వెళ్లి దాన్ని చూసిపెట్టడం నా పని. "అన్నా, ఫైళ్లన్నీ కనబడుతున్నాయి గానీ ఒక్కటీ తెరుచుకోవడం లేదు. పర్మిషన్ లేదంటోంది" అంది ఆఫీసు చూసుకునే అమ్మాయి. రాత్రి కరెంటు నాలుగైదు సార్లు పోయి వచ్చిందట. పొద్దున ఆన్ చేస్తే నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు పావుగంట సేపు పరుగెత్తాయట.

"వైరస్సా అన్నా?"

"కాదమ్మా, మరమ్మతు."

నా జవాబు ఆమెకు విచిత్రంగా తోచి ఉంటుంది. బాగుచేస్తే పాడవడమేమిటి? దాన్నే కొంచెం వివరంగా చెప్పుకుందాం. దానం చేసిన కంప్యూటర్లలో దాతలు ఎన్నడూ చూడని ఒక మూల ఇది.

కొండల మీద కరెంటు సంగతి మీకు తెలిసిందే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు నగరమే రోజుల తరబడి చీకట్లో ఉంది. ఘాట్ రోడ్ల పైన కరెంటు పోవడానికి తుఫాను కూడా అక్కర్లేదు, తీగ మీద ఒక చెట్టుకొమ్మ పడితే చాలు. డిస్కు మీద ఏదో రాస్తున్న సమయంలో కరెంటు పోతే ఆ రాత సగంలో ఆగిపోతుంది. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్ఎస్ పద్ధతిలో ఇందుకోసమే ఒక చిట్టా ఉంటుంది. ఏ మార్పు చేయబోతున్నదీ ముందుగా అందులో రాసుకుంటుంది కాబట్టి మామూలు కరెంటు కోతలను చాలావరకు తట్టుకుంటుంది. కానీ డిస్కు పాతబడి అక్కడక్కడా చెడిపోయి ఉన్నా, రాయకముందే 'రాసేశాను' అని చెప్పే రకమైనా చిట్టా కాపాడలేదు. లెక్క తేడాగా ఉందని విండోస్‌కు అనుమానం వస్తే, తర్వాతిసారి ఆన్ చేసినప్పుడు చెక్ డిస్క్ అనే మరమ్మతు ప్రోగ్రామును తనంతట తానే నడుపుతుంది. వద్దనుకుంటే ఏదో ఒక మీట నొక్కమని కొన్ని సెకన్లు గడువిస్తుంది. ఆ కొన్ని సెకన్లలో మనం సాధారణంగా టీ పోసుకుంటూ ఉంటాం.

అసలు సంగతి అర్థం కావాలంటే ఆశ్రమ పాఠశాల హాస్టలును తలచుకోండి. ప్రతి పిల్లకూ ఒక ట్రంకుపెట్టె, పెట్టె మీద ఒక నంబరు. ఏ నంబరు పెట్టెను ఎవరెవరు తెరవవచ్చో వార్డెను దగ్గరి రిజిస్టరులో ఉంటుంది. విండోస్ 2000 నుంచి ఎన్‌టీఎఫ్ఎస్ కూడా ఇలాగే నడుస్తోంది. అంతకుముందు ఎవరికి అనుమతి ఉందన్న వివరం ఏ ఫైలుకు ఆ ఫైలు దగ్గరే ఉండేది. ఆ తర్వాత చోటు ఆదా కోసం వివరాలన్నీ 'సెక్యూర్' అనే ఒకే దాపుడు ఫైల్లోకి చేర్చారు. ఒక్కో ఫైలు దగ్గర మిగిలేది ఒక నంబరే. తెలివైన ఏర్పాటే, కానీ రిజిస్టరులో ఒక పేజీ చిరిగితే వందల పెట్టెల సంగతి ఒక్కసారిగా తెలియకుండా పోతుంది.

చెక్ డిస్క్ తన మూడో దశలో ఈ నంబర్లనే సరిచూస్తుంది. పెట్టె మీది నంబరు రిజిస్టరులో దొరకకపోతే ఆ పెట్టె ఎవరిదో దానికి తెలిసే దారి లేదు, ఊహించే హక్కూ లేదు. అందుకని దాని మీద మామూలు నంబరు ఒకటి వేసేస్తుంది. సాధారణంగా ఆ నంబరుకు అర్థం అడ్మినిస్ట్రేటర్లూ సిస్టమూ మాత్రమే తెరవవచ్చని. ఆ అమ్మాయి చూసిన తెల్లటి అక్షరాలు ఇవే: 'రీప్లేసింగ్ ఇన్‌వాలిడ్ సెక్యూరిటీ ఐడీ విత్ డిఫాల్ట్ సెక్యూరిటీ ఐడీ'. ఫైలుకొక వరుస చొప్పున వేల వరుసలు. లోపలి సామాను పోలేదు, ఒక్క అక్షరం చెదరలేదు. పెట్టెలన్నీ వార్డెను పేరుకు మారాయి, అంతే. అనుమానం వస్తే తలుపు మూసే పక్షానే నిలిచింది కాబట్టి ఆ ప్రోగ్రామును నేను తప్పుపట్టను.

తప్పు ఆ తర్వాత జరిగింది. నేను కొండెక్కడానికి పది రోజులు పడుతుందన్నాను. అంతవరకు ఆగలేక వాళ్లు దగ్గర్లో కంప్యూటర్లు తెలిసిన కుర్రాడిని పిలిచారు. అతను రెండు నిమిషాల్లో పని ముగించాడు. మొత్తం డిస్కుకు 'ఎవ్రీవన్' అని పేరు పెట్టి, 'ఫుల్ కంట్రోల్' అన్నచోట టిక్కు కొట్టాడు. అన్నీ తెరుచుకున్నాయి. టీ తాగించి పంపారు. వాళ్ల స్థానంలో ఉంటే నేనూ పంపేవాణ్ణే.

ఆ కంప్యూటరులో మూడు ఖాతాలున్నాయి. ఒకటి లెక్కలకు, ఒకటి ఆఫీసుకు, మూడోది పిల్లలు టైపింగు నేర్చుకోవడానికీ దరఖాస్తులు ప్రింటు తీసుకోవడానికీ. ఆఫీసు ఖాతాలో సికిల్ సెల్ పరీక్షల జాబితా ఉంది. మన్యంలో ఈ రక్తపు జబ్బు ఎక్కువ. 2023 జూలై 1న కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టాక 40 ఏళ్ల లోపు వారికి పరీక్షలు జరుగుతున్నాయి. జబ్బు లేకపోయినా ఆ లక్షణాన్ని మోసేవారు ఉంటారు, వారు మామూలుగా ఆరోగ్యంగానే ఉంటారు. అలాంటి ఇద్దరికి పెళ్లయితే పుట్టే ప్రతి బిడ్డకూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఈ మాట ఆ ఇద్దరికీ చెప్పాలి, ఊరికి చెప్పకూడదు. ఊళ్లో తెలిస్తే ఆడపిల్ల సంబంధం మొదటి మాటలోనే తప్పిపోతుంది.

మన సంగతీ అంతే. జకాత్ పుచ్చుకునే కుటుంబాల జాబితా, ఫీజు కట్టలేని పిల్లల పేర్లు, మందులు తీసుకెళ్లే వితంతువుల చిరునామాలు నేడు ఏదో ఒక కంప్యూటరులోనే ఉంటున్నాయి. కుడిచేతితో ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదని మనం పిల్లలకు నేర్పుతాం. ఆ అమానత్‌ను యంత్రంలో కాపాడేది ఈ చిన్న టిక్కుల పట్టికే. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా సమాచారం దగ్గర పెట్టుకున్నవారే దానికి కాపలా కాయాలంటుంది.

ఇలాంటి పరిస్థితి వస్తే ఏం చేయాలి? అన్నిటికంటే ముందు డిస్కులోని ఫైళ్లకు నకలు తీయాలి. చావుబతుకుల్లో ఉన్న డిస్కు మీద సుదీర్ఘమైన మరమ్మతు నడిపితే దాని ప్రాణం అక్కడే పోవచ్చు. ఆ తర్వాత చెక్ డిస్క్‌ను ఏ అక్షరమూ తగిలించకుండా నడిపితే అది చూసి చెబుతుంది గానీ దేన్నీ ముట్టుకోదు. 'ఎఫ్' తగిలిస్తేనే సరిచేస్తుంది. నంబర్లు మారిపోయాక చేయాల్సింది ఒక్కో ఫోల్డరుకు అది ఎవరిదో వారికే తిరిగి అనుమతి ఇవ్వడం. విండోస్‌లో ఐక్యాకల్స్ అనే ఆజ్ఞ ఉంది. అంతా బాగున్న రోజున దానితో అనుమతుల పట్టికను ఒక చిన్న ఫైలుగా దాచుకుంటే చెడిన రోజున తిరిగి వేసుకోవచ్చు. ఈ పని చేసి ఉంచిన ఆఫీసు నాకింకా తగల్లేదు. మా ఇంట్లోనూ మొన్నటిదాకా చేయలేదు.

పెన్‌డ్రైవులో నకలు ఉందిగా అనుకుంటారు. పెన్‌డ్రైవుల్లో ఎక్కువగా ఉండే ఫ్యాట్ పద్ధతికి అనుమతులన్న ఊహే లేదు. ఫైలు అందులోకి వెళ్లిందంటే తాళం బయటే ఉండిపోయినట్టు. తిరిగి కంప్యూటరులో ఏ ఫోల్డరులో వేస్తే ఆ ఫోల్డరు అనుమతే దానికి వస్తుంది.

ఆపిల్ కంప్యూటర్లలో ఒకప్పుడు 'రిపేర్ డిస్క్ పర్మిషన్స్' అని ఒక మీటే ఉండేది. ఏ చిక్కొచ్చినా ముందు అదే నొక్కేవారు, మనవాళ్లు అన్నిటికీ జండూబామ్ రాసినట్టు. అది సిస్టం ఫైళ్లను మాత్రమే మొదటి స్థితికి తెచ్చేది, సొంత ఫైళ్ల జోలికి పోయేది కాదు. 2015లో వచ్చిన ఎల్ కాపిటాన్‌తో దాన్ని తీసేశారు.

దాతలకు ఒక మాట. కంప్యూటరు ఇచ్చేవారు దొరుకుతారు, రిబ్బను కూడా కత్తిరిస్తారు. యూపీఎస్ బ్యాటరీ మార్పించేవారు దొరకరు. ఆ ఆఫీసులో యూపీఎస్ ఉంది, బ్యాటరీ మాత్రం ఉబ్బిపోయి ఏడాది దాటింది.

పది రోజుల తర్వాత నేను వెళ్లి 'ఎవ్రీవన్'ను తీసేసి, ఆ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో ఫోల్డరు ఎవరిదో అడుగుతూ మధ్యాహ్నం దాకా సరిచేశాను. చివర్లో పిల్లల ఖాతాలో ఇటీవల తెరిచిన ఫైళ్లు చూస్తే, సికిల్ సెల్ జాబితా రెండుసార్లు తెరిచినట్టుంది. ఆమె చాలాసేపు తెర వంక చూసింది.

"ఎవరో కనుక్కుందామా అమ్మా?" అన్నాను.

"వద్దన్నా. అడిగితే అందులో ఏముందో మిగతావాళ్లకీ తెలుస్తుంది."