చిన్న పూలమడిలో అలంకరణ పొదలు : నాటే దూరం, పరాగ సంపర్కం

పెరటి తోటల్లో మందారం, నూరువరహాలు వంటి పొదలను నాటేటప్పుడు మొక్క అప్పటి పరిమాణాన్నే లెక్కలోకి తీసుకోవడం సాధారణంగా జరిగే పొరపాటు. రెండేళ్లు గడిచేసరికి కొమ్మలు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోతాయి. గాలి, వెలుతురు తగ్గి లోపలి కొమ్మలు ఎండుతాయి, పిండినల్లి ఆశిస్తుంది, పూలు పైభాగానికే పరిమితమవుతాయి. మరోవైపు, పూలు విరగబూసినా కాయ కట్టకపోతే ఎరువుల లోపమని భావించి మోతాదు పెంచుతుంటారు. నాటే దూరాన్నీ, పరాగ సంపర్క విధానాన్నీ కలిపి పరిశీలిస్తే ఈ రెండు సమస్యలనూ నాటే దశలోనే చాలావరకు నివారించవచ్చు.

నాటే దూరం

రెండు పొదల మధ్య దూరం వాటి పూర్తి విస్తీర్ణాల సగాల మొత్తానికి సమానంగా ఉండాలి. కత్తిరింపులతో 1.2 మీటర్ల వెడల్పులో ఉంచే మందారానికి, 0.6 మీటర్లు విస్తరించే పొట్టి రకం నూరువరహాలకు మధ్య 0.9 మీటర్ల ఎడం అవసరం. గోడ పక్కన నాటేటప్పుడు ఈ సగానికి అదనంగా 20 సెంటీమీటర్లు వదలాలి.

ఉదాహరణకు 4 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు గల మడిలో గోడకు 0.8 మీటర్ల దూరంలో మూడు మందారాలను 1.2 మీటర్ల ఎడంతో నాటవచ్చు. గోడకు 1.7 మీటర్ల దూరంలో ముందు వరుసగా ఆరు నూరువరహాల మొక్కలను 0.6 మీటర్ల ఎడంతో అమర్చవచ్చు. మొదటి ఏడాది కనిపించే ఖాళీలో అదనపు పొదలు నాటకుండా పొట్టి రకం బంతి వంటి ఏకవార్షికాలను వేసుకోవడం మేలు.

పూవు నిర్మాణం, సందర్శకులు

పొడవైన సన్నని గొట్టం గల నూరువరహాల పూలకు సీతాకోకచిలుకలు ముఖ్య సందర్శకులు. మందారానికి తేనెపిట్టలు వస్తాయి. తంగేడు పూలలో మకరందం ఉండదు. పరాగకోశాల కొనల వద్ద గల రంధ్రాల నుండి పుప్పొడి రాలాలంటే పెద్ద తుమ్మెదలు రెక్కల కండరాలతో కంపనం కలిగించాలి. ముద్దమందారంలో కేసరాలు చాలావరకు రేకులుగా మారడం వల్ల పుప్పొడి తక్కువ. కాబట్టి విత్తనం ఆశించే మడికి రెక్క మందారాలు అనుకూలం.

కాయ కట్టకపోవడానికి కారణం

మందారాన్ని సాధారణంగా కొమ్మ కత్తిరింపుల ద్వారా వ్యాప్తి చేస్తారు. ఒకే తల్లి మొక్క నుండి తెచ్చిన మూడు మొక్కలూ జన్యుపరంగా ఒకటే. వాటి మధ్య జరిగే పరాగ సంపర్కం స్వపరాగ సంపర్కంతో సమానం. అనేక రకాలలో స్వపరాగంతో కాయ అరుదుగా కడుతుంది. పైగా ఉద్యాన రకాలు బహుస్థితికాలు కావడం వల్ల కొన్నింటి పుప్పొడికి జీవశక్తి తక్కువ. అందువల్ల మూడు మొక్కలనూ మూడు వేర్వేరు రకాల నుండి ఎంచుకోవాలి. పూలు మాత్రమే కోరేవారికి కాయ కట్టకపోవడం లోపం కాదు. అందుకోసం ఎరువు పెంచనవసరం లేదు.

చేతితో పరాగ సంపర్కం

మందారం పూవు సాధారణంగా ఒక్కరోజే నిలుస్తుంది. కనుక ఆడ మొక్కగా ఎంచుకున్న రకంలో మరునాడు విచ్చే మొగ్గను ముందురోజు సాయంత్రం గుర్తించి, రేకులను మెల్లగా తెరచి, పరాగకోశాలను తొలగించి కాగితపు సంచి తొడగాలి. మరునాడు ఉదయం మగ రకంలో అప్పుడే విచ్చిన పూవు నుండి పుప్పొడిని మెత్తని కుంచెతో సేకరించి, ఐదు కీలాగ్రాలకూ అంటించి, తిరిగి సంచి తొడగాలి. జనక రకాల పేర్లు, తేదీ రాసిన చీటీని కట్టాలి. తడిసిన పుప్పొడి పనికిరాదు. తీవ్రమైన ఎండలలో కాయ నిలవడం కష్టం. కనుక వానలు తగ్గిన తరువాత చల్లని నెలలు ఇందుకు అనువైనవి.

ఫలదీకరణ జరిగితే రేకులు రాలినా అండాశయం నిలిచి ఉబ్బుతుంది. కాయ పక్వానికి సుమారు రెండు నెలలు పడుతుంది. పండిన కాయ పగిలి గింజలు రాలిపోతాయి కాబట్టి ముందుగానే పలుచని గుడ్డ సంచి కట్టాలి.

విస్తరణ సిబ్బందికి సూచన

కాయ కట్టలేదన్న ఫిర్యాదు వచ్చినప్పుడు మొక్కలు ఎక్కడి నుండి తెచ్చారు, ఎన్ని రకాలున్నాయి, పూత సమయంలో ఏ మందులు చల్లారు అనే మూడు ప్రశ్నలను ముందుగా అడగాలి. ఎరువుల సిఫారసు ఆ తరువాతే. పిండినల్లి తక్కువగా ఉన్నప్పుడు ఆశించిన కొమ్మలను కత్తిరించి నాశనం చేయాలి. మందు తప్పనిసరైతే, తేనెటీగల సంచారం ముగిసిన తరువాత సాయంత్రం వేళ మాత్రమే పిచికారీ చేయించాలి.