గిటారు గాడిలో పెన్సిలు పొడి

(రేడియో ప్రసంగానికి అక్షరరూపం)



సౌదీ అరేబియాలోని బురైదా నుంచి మాట్లాడుతున్నాను. ఇది అల్ ఖసీమ్ ప్రాంతానికి ముఖ్యపట్టణం. రియాద్‌కు వాయవ్యంగా సుమారు 350 కిలోమీటర్ల దూరం. ఖర్జూరాలకు పేరుపడ్డ ఊరు. అయితే ఇవాళ నేను చెప్పబోయేది ఖర్జూరాల గురించి కాదు, గిటారు గురించి. వింటున్నవాళ్ళలో గిటారు ఉన్నవాళ్ళు కొద్దిమందే కావచ్చు. కానీ "నాకు శ్రుతిజ్ఞానం లేదు" అనుకుని వాద్యాన్ని అటకెక్కించినవాళ్ళు చాలామందే ఉంటారు. ఈ నాలుగు మాటలూ ముఖ్యంగా వాళ్ళ కోసం.

మాకు శుక్రవారం సెలవు. ఆ రోజు నేను గదిలో కూర్చుని గిటారు వాయిస్తుంటే, ఊళ్ళో మా అమ్మాయి ఫోనులో వింటూ పాడుతుంది. వారం మొత్తానికి మాకు దొరికే గంట అదే. శ్రుతి చేసుకుని మొదలుపెడతాను. పల్లవి దాటేసరికి మూడో తీగ తప్పుతుంది. "నాన్నా, మళ్ళీ తప్పింది" అంటుంది అమ్మాయి. సరిచేస్తాను. చరణం దగ్గర మళ్ళీ అదే కథ. గంటలో సగం బిరడలు తిప్పడానికే పోయేది. ముందు నా చెవిని అనుమానించాను. తర్వాత బిరడలను అనుమానించి, డబ్బు పెట్టి కొత్తవి వేయించాను. ఏమీ మారలేదు.

అసలు దోషం నట్టులో ఉంది. నట్టు అంటే బోల్టుకు బిగించేది కాదండీ. గిటారు కాడి చివర, బిరడలకు కాస్త ముందు, ఆరు గాళ్ళున్న చిన్న పట్టీ ఒకటి ఉంటుంది. ఎముకతోనో ప్లాస్టిక్కుతోనో చేస్తారు. ఒక్కో తీగా ఒక్కో గాడిలోంచి వెళ్ళి బిరడకు చుట్టుకుంటుంది.

మనం బిరడ తిప్పినప్పుడు తీగ ఆ గాడిలో జారాలి. జారకుండా పట్టేస్తే ఏమవుతుంది? బిరడ వైపు బిగువు పెరుగుతుంది, మనం మీటే వైపు పెరగదు. ఇంకొంచెం తిప్పుతాం. ఒక్కసారిగా 'టిక్కు'మని జారి, కావలసినదానికన్నా పైకి పోతుంది. తీగను పక్కకు లాగి గమకం వేసినప్పుడు ఇంకో చిక్కు. లాగినప్పుడు బిరడ వైపు నుంచి కొంచెం తీగ ఇటు వస్తుంది. వదిలాక వెనక్కి పోవాలి. పోకపోతే ఆ మిగులు ఇటే ఉండిపోయి శ్రుతి దిగుతుంది. మన సంగీతంలో గమకం లేనిదే పాట లేదు కదా. అందుకే ఈ బాధ మనవాళ్ళకు మరీ ఎక్కువ.

మూడో తీగే ఎందుకు? చాలా గిటార్లలో బిరడలు అటు మూడు, ఇటు మూడు ఉంటాయి. మధ్యనున్న మూడో, నాలుగో తీగలు నట్టు దాటగానే బాగా పక్కకు తిరుగుతాయి. దాంతో గాడి గోడకు ఒరుసుకుంటాయి. పైగా మామూలు చెక్క గిటారులో మూడో తీగ మీద సన్నని లోహపు చుట్టు ఉంటుంది. అది ఆకురాయిలాగా గాడిని పట్టుకుంటుంది.

ఈ సంగతి తెలిశాక నేను చేసిన తెలివితక్కువ పని కుట్టుమిషను నూనె వేయడం. రెండు రోజులు బాగానే ఉంది. ఆ తర్వాత దుమ్ముగాలి వచ్చింది. కిటికీ మూసినా ఆ సన్నదుమ్ము లోపలికి వస్తుందని ఇక్కడివాళ్ళకు చెప్పక్కర్లేదు. నూనెలో దుమ్ము కలిసి గాడిలో ముద్దైపోయింది. నా గదిలో ఉండే జగిత్యాల తమ్ముడు వడ్రంగి పని చేస్తాడు. చూసి నవ్వాడు. "అన్నా, గీ దుమ్ముల నూనె ఎందుకు పోసినవే? సొరుగు పట్టేస్తే మేం నూనె పోస్తమా? పెన్సిలు రాస్తం" అన్నాడు.

పెన్సిలులో ఉండేది సీసం కాదు, గ్రాఫైటు, బంకమట్టి. గ్రాఫైటు పొరలుపొరలుగా ఉండి ఒకదానిమీద ఒకటి జారుతుంది. జిగురు లేదు కనుక దుమ్మును పట్టుకోదు. దానికి కొంచెం గాలితేమ కావాలన్న మాట మాత్రం నిజం. రెండో ప్రపంచయుద్ధ కాలంలో బాగా ఎత్తున ఎగిరే విమానాల్లో, అక్కడి గాలి మరీ పొడిగా ఉండి, జనరేటర్ల కార్బన్ బ్రష్షులు ఇట్టే అరిగిపోయేవి. బురైదా గాలి ఎంత పొడిదైనా అంత పొడిది కాదు లెండి.

ఇక పద్ధతి చెబుతాను. ఒకసారికి ఒక్క తీగనే వదులు చేసి, గాడిలోంచి పైకి తీసి పక్కన పెట్టండి. పొడి టూత్‌బ్రష్‌తో గాడి శుభ్రం చేయండి. 4బి గానీ 6బి గానీ మెత్తని పెన్సిలు మొన సన్నగా చెక్కి గాడి అడుగునా గోడలకూ రుద్దండి. మొన పట్టకపోతే పొడి గీకి పుల్లతో పెట్టండి. తీగ మళ్ళీ గాడిలో పెట్టి, కింది స్థాయి నుంచి పైకి శ్రుతి చేయండి. ఎప్పుడైనా సరే, పైకి పోతే బాగా దించి మళ్ళీ పైకి రావాలి. తీగలు మార్చినప్పుడల్లా ఈ పని చేస్తే చాలు.

ముందు మాత్రం రోగం ఇదేనా అని చూసుకోండి. శ్రుతి చేసిన తీగను నట్టుకూ బిరడకూ మధ్య వేలితో నొక్కి వదలండి. స్వరం పాత చోటికి రాకుండా పైనే నిలిస్తే గాడి పట్టేస్తోందన్నమాట. అలా కాక ఆరు తీగలూ కలిసి ఒకే వైపు జరిగితే అది వాతావరణం పని. 45 డిగ్రీల ఎండలోంచి ఏసీ గదిలోకి తెచ్చిన గిటారుకు అరగంట విశ్రాంతి ఇవ్వాలి. దానికి పెన్సిలు మందు కాదు. లావు తీగ వేసినందువల్ల గాడి ఇరుకైపోయినా అంతే. అప్పుడు తీగ లావుకు సరిపడే ఆకురాయి కావాలి, తెలిసిన చెయ్యి కావాలి. గాడి కాస్త ఎక్కువ లోతైతే తీగ మొదటి మెట్టుకు తగిలి జరజరమంటుంది. నట్టే మార్చాల్సి వస్తుంది.

మొన్న శుక్రవారం మా అమ్మాయి మూడు పాటలు ఆగకుండా పాడింది. ఆఖర్న "నాన్నా, ఇవాళ ఎక్కడా తప్పలేదేం?" అంది. ఇన్నాళ్ళూ నా చెవిని అనవసరంగా తిట్టుకున్నాను. ఖర్చు ఒక పెన్సిలు, అదీ తమ్ముడిదే.

మీ అటక మీద గిటారు ఉంటే ఒకసారి దించి చూడండి. సెలవు.