మోటారుకో జాతకం!

ఆదివారం వస్తే అబిడ్స్‌లో చాలా దుకాణాల షట్టర్లు దిగిపోతాయి. వాటి ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టలు లేస్తాయి. నవలలు, ఎంట్రన్స్ గైడ్లు, పాలిటెక్నిక్ కుర్రాళ్లు అమ్మేసుకున్న ఎలక్ట్రికల్ పాఠ్యపుస్తకాలు... వెతికే ఓపికుండాలేగానీ దొరకనిది లేదు. ఫ్యాక్టరీ మెయింటెనెన్స్ రిజిస్టర్ మాత్రం ఈ గుట్టల్లోకి రాదు. ఎర్ర అట్ట, నూనె మరకలు, మూడు షిఫ్టుల మూడు రకాల చేతిరాత. నిండాక అది చేరేది స్టోర్‌రూమ్‌కే. ఆ తర్వాత దాన్ని తెరిచేది చెదపురుగులు, లేదంటే ప్రమాదం జరిగాక వచ్చే విచారణాధికారులు.

ఇప్పుడా రిజిస్టర్లు కంప్యూటర్లోకి, సెల్‌ఫోన్లోకి ఎక్కుతున్నాయి. కాగితం పోయి తెర వచ్చింది, అంతేగా అనిపిస్తుంది. కానీ అసలు సంగతి వేరు.

ఓ మోటారునే తీసుకోండి. దాని వైండింగ్ ఇన్సులేషన్ ఎంత గట్టిగా ఉందో మెగ్గర్‌తో కొలుస్తారు. ఈ ఏడాది 200 మెగోమ్‌లు వచ్చిందనుకుందాం. మరుసటేడు 120, ఆపైన 60, ఆ తర్వాత 20. ఒక మెగోమ్ దాటితే పాసేనన్నది పాతకాలం లెక్క. అంటే నాలుగుసార్లూ మోటారు పాసైనట్టే! నాలుగు అంకెలూ నాలుగు వేర్వేరు రిజిస్టర్లలో ఉంటే ఎవరికీ అనుమానం రాదు. ఒకే తెరమీద గీతగా గీస్తే ఎలక్ట్రీషియన్ కానివాళ్లకూ అర్థమైపోతుంది... మోటారు మంచం పట్టబోతోందని.

ఇందులో ఇంకో మెలిక ఉంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఇన్సులేషన్ రీడింగు దాదాపు సగానికి పడిపోతుంది. డిసెంబరు పొద్దున్న తీసిన కొలతనూ, మే నెల మధ్యాహ్నం తీసినదాన్నీ పక్కపక్కన పెడితే తప్పుదారే. ఉష్ణోగ్రత కూడా రాసిపెడితేనే లెక్క సరిచూసుకోవచ్చు. కాగితం మీద ఆ గడి ఖాళీగా ఉన్నా అడిగేవాళ్లుండరు. కంప్యూటర్ అయితే అది నింపేదాకా ముందుకు కదలనివ్వదు.

ఇవన్నీ కొత్తగా కనిపెట్టినవి కావు. ఏది ఎప్పుడు ఎలా పరీక్షించాలో భారతీయ ప్రమాణాల సంస్థ ఎప్పుడో అచ్చేసింది. మోటార్ల నిర్వహణకు ఐఎస్ 900, ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్‌కు ఐఎస్ 1866, ఎర్తింగ్‌కు ఐఎస్ 3043. ఏళ్ల తరబడి ఆ పుస్తకాల వెనక అట్టమీద శాఖల జాబితాలో హైదరాబాద్ చిరునామా కూడా ఉండేది- ఎల్.ఎన్.గుప్తా మార్గ్, నాంపల్లి స్టేషన్ రోడ్. రైలు దిగి నడిచి వెళ్లగలిగినంత దూరం. ప్రమాణాలు అంత దగ్గర్లోనే ఉన్నాయి, వాటి ప్రకారం రాయడమే కష్టమైంది.

ఎందుకంటే రిజిస్టర్లలో రోగం ఒకటుంది. షిఫ్టు అయిపోయే ముందు కుర్చీలో కూర్చుని, నిన్నటి అంకెలనే అటూఇటూ మార్చి రాసేయడం! అలాంటివాటిని టైపు చేయించి డిజిటల్ అంటే అబద్ధం అందంగా కనిపిస్తుందంతే. అందుకే కొన్నిచోట్ల ప్రతి ప్యానెల్‌కూ, మోటారుకూ క్యూఆర్ స్టిక్కర్ అంటిస్తున్నారు. దాని దగ్గరికెళ్లి ఫోన్‌తో స్కాన్ చేస్తేనే రీడింగు రాసే పేజీ తెరుచుకుంటుంది. ఆ స్టిక్కర్‌నే ఫొటో తీసుకుని క్యాంటీన్‌లో స్కాన్ చేసే ఘనులూ లేకపోలేదు. దాన్ని పట్టడానికి మరో తాళం వెయ్యాల్సిందే.

నిర్లక్ష్యానికి పడే మూల్యం చిన్నది కాదు. ఒక్క లగ్ వదులైతే చాలు. అక్కడ వేడి పుడుతుంది, ఆ వేడికి లోహం ఆక్సీకరణ చెందుతుంది, నిరోధం పెరుగుతుంది, వేడి ఇంకా పెరుగుతుంది. చివరికి నిప్పు. 2019 జనవరి 30 రాత్రి నాంపల్లి నుమాయిష్‌లో స్టాళ్లు బూడిదైనప్పుడూ మొదట వినిపించిన మాట షార్ట్ సర్క్యూటే. అవి ఏడాదికోసారి వేసి తీసే స్టాళ్లు. ఇరవై ఏళ్లుగా ఆగకుండా తిరిగే ఫ్యాక్టరీలో ఎన్ని లగ్గులుంటాయో!

చట్టం కూడా యజమాని భుజాన బరువు పెంచింది. ఒకప్పుడు 1956 నాటి విద్యుత్ నిబంధనల ప్రకారం ఐదేళ్లకు మించకుండా తనిఖీ జరగాలి. ఇప్పుడు ప్రభుత్వం నిర్ణయించిన వోల్టేజీ లోపున్నవాటికి యజమానే పరీక్షలు చేయించి, స్వయంగా ధ్రువీకరించుకునే పద్ధతి వచ్చింది. తనిఖీ అధికారి అక్కర్లేదంటే రికార్డే సాక్షి అన్నమాట.

మార్పిడిలో అందరికీ ముందుగా తగిలే దెబ్బ మాత్రం పేర్ల దగ్గర. ఒకే మోటారును ఒక షిఫ్టువాళ్లు ‘బాయిలర్ పంపు’ అంటారు, ఇంకొకరు ‘పెద్ద పంపు’ అంటారు, డ్రాయింగులో ‘పంపు-2’ అని ఉంటుంది. అది కాలిపోతే స్టోర్స్‌లోని మరో మోటారు అక్కడికొస్తుంది. రీవైండింగ్ అయ్యాక పాతది వేరేచోట కూర్చుంటుంది. రికార్డు స్థలానికి రాయాలా, మోటారుకు రాయాలా? రెండింటికీ వేర్వేరు నంబర్లు ఇవ్వకపోతే ఒకరి జాతకం మరొకరికి అంటుకుంటుంది. నేమ్‌ప్లేట్లు తుడిచి, మసిపోగొట్టి, సీరియల్ నంబర్లు చదివి రాసుకోవడానికే నెలలు పడుతుంది. సాఫ్ట్‌వేర్ కొనడం అన్నిటికన్నా తేలిక.

ఇక పాత రిజిస్టర్ల మార్జిన్లు... అసలు నిధి అక్కడుంది. ‘వానొస్తే ట్రిప్ అవుతుంది’, ‘ఈ కాంటాక్టర్ మోత మారింది’ లాంటి రాతలు. రాసినాయన రిటైరై ఉంటాడు. అంకెల గళ్లలో వాటికి చోటు దొరకదు. అందుకే తెలివైన ఫ్యాక్టరీలు కొత్త పేజీ అడుగున ఓ ఖాళీ పెట్టె ఉంచుతున్నాయి, తెలుగులో కూడా టైపు చేసుకునేలా.